సీసాలు కడిగిన కుర్రాడు, తుప్పు పట్టని ఉక్కు

మధ్యాహ్న భోజనానికి మన బడి పిల్లలు పట్టుకునే పళ్ళెం స్టీలుదే. ఇంట్లో పులుసు కాచే గిన్నె, మంచినీళ్ళ గ్లాసు, కూరగాయలు తరిగే చాకు కూడా స్టీలువే. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచాలంటే లోపల కళాయి వేయించాల్సిన రోజులు మన పెద్దలకు బాగా గుర్తు. ఇనప కత్తిపీటను వాడిన వెంటనే కడిగి తుడిచిపెట్టకపోతే మర్నాటికి మచ్చలు పడేవి. ఆ బాధ మన ఇళ్ళలో తగ్గడానికి కారణమైన వాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు హ్యారీ బ్రియర్లీ. ఎనిమిదో తరగతి సైన్సు పాఠంలో లోహాల దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను పిల్లలకు ఈయన కథ చెబుతాను. పుస్తకంలో అర పేజీలో అయిపోయే విషయం, ఈయన జీవితంతో కలిపి చెబితే రెండు పీరియడ్లు పడుతుంది.

బ్రియర్లీ 1871 ఫిబ్రవరి 18న ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పుట్టాడు. చాకులకూ కత్తులకూ పేరుపడ్డ ఊరది. తండ్రి జాన్ ఉక్కు కరిగించే పనివాడు. పెద్ద కుటుంబం, ఇరుకు ఇల్లు, వారం కూలి మీద బతుకు. బడి చదువు పన్నెండేళ్ళకే ముగిసింది. ఆ కాలంలో అక్కడి కూలివాళ్ళ పిల్లల్లో చాలామందికి అంతే. తండ్రి పనిచేసే థామస్ ఫర్త్ అండ్ సన్స్ కర్మాగారంలోనే కుర్రాడూ చిల్లర పనులకు కుదిరాడు.

తండ్రి పని ఎలాంటిదో కొంచెం చెప్పాలి. లేకపోతే కొడుకు ఎలా తయారయ్యాడో అర్థం కాదు. 1740ల నుంచి షెఫీల్డ్‌లో మంచి ఉక్కును బంకమట్టి మూసల్లో కరిగించేవారు. ఆ పద్ధతిని అక్కడ నిలబెట్టినవాడు బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు. మట్టిని కాళ్ళతో గంటల తరబడి తొక్కి మూసలు చేసేవారు. నేలలో తవ్విన గుంతల్లో కోక్ బొగ్గు నింపి, వాటి నడుమ మూసలు దించి, కొన్ని గంటలు కరిగించేవారు. కాళ్ళకు తడి గోనెలు చుట్టుకున్న మనిషి ఆ గుంత మీద నిలబడి, మండుతున్న మూసను పట్టుకారుతో పైకి లాగేవాడు. తర్వాత దాన్ని చేత్తోనే ఎత్తి, సన్నని ధారగా అచ్చులో పోసేవారు. ధార అచ్చు గోడకు తగిలితే పోత చెడిపోతుంది.

మూసలో ఉక్కు చేయడం మన నేలకు కొత్త కాదు. తెలంగాణలోని కోనసముద్రం లాంటి ఊళ్ళలో చిన్న మట్టి మూసల్లో చేసిన ఉక్కు ముద్దలు పారశీక దేశం దాకా వెళ్ళేవి. ఐరోపావాళ్ళు దాన్ని ఊట్జ్ అన్నారు. ఆ పేరు మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని పండితులు చాలామంది చెబుతారు. కర్ణాటకలోని మన పిల్లలు కన్నడంలోనూ అదే మాట వింటారు. తమిళనాడులో ఉండేవాళ్ళకు ఉరుక్కు అనే మాట తెలుసు.

మూసల దగ్గర పనిచేసేవాళ్ళకు రసాయన శాస్త్రం తెలియదు. ఉక్కులో కర్బనం ఎంత ఉందో మాత్రం చూసి చెప్పగలిగేవారు. పోత దిమ్మె కొసను సుత్తితో విరగ్గొట్టి, విరిగిన ముఖం మీద రవ్వలు ముతకగా ఉన్నాయా, సన్నగా ఉన్నాయా, మెరుపు ఎలా ఉంది అని చూసేవారు. ఆ చూపుతోనే దిమ్మెలను వేరుచేసి, ఇది చాకులకు, ఇది ఆకురాళ్ళకు, ఇది ఉలులకు అని గుట్టలు పెట్టేవారు. వంద పాళ్ళ ఉక్కులో పదో వంతు పాలు కర్బనం అటూఇటూ అయినా కనిపెట్టేవారు. బ్రియర్లీ మొదట చూసిన ప్రయోగశాల అదే. పెద్ద శాస్త్రజ్ఞుడయ్యాక కూడా ఆ కంటి తెలివిని ఆయన ఎక్కడా చిన్నచూపు చూడలేదు.

కొన్నాళ్ళకు కర్మాగారంలోని రసాయన ప్రయోగశాలలో సీసాలు కడిగే కుర్రాడి ఉద్యోగం దొరికింది. అక్కడి ప్రధాన రసాయనవేత్త జేమ్స్ టేలర్. ఈ కుర్రాడు ఊరికే సీసాలు కడిగి ఊరుకోవడం లేదని, చేసేది గమనిస్తున్నాడని టేలర్ గ్రహించాడు. లెక్కలు నేర్చుకొమ్మని తోవ చూపాడు, పుస్తకాలు చదివించాడు. బ్రియర్లీ పగలు పనిచేస్తూ, సాయంత్రం తరగతులకు వెళుతూ, ఇంట్లో చదువుకుంటూ ఉక్కు విశ్లేషణలో దిట్ట అయ్యాడు. ఈ జీవితం చెప్పేవాళ్ళు సాధారణంగా స్వయంకృషి అనే ఒక్క మాటతో సరిపెడతారు. నాకు ఆ మాట చాలదనిపిస్తుంది. టేలర్ లాంటి మనిషి ఒకరు ఆ గదిలో లేకపోతే, సీసాలు కడిగేవాడు సీసాలు కడుగుతూనే ఉండేవాడేమో.

ఇక్కడ ఉక్కు లోపలి సంగతి కొంత చెప్పుకోవాలి. బడిలో చేయదగ్గ చిన్న ప్రయోగం ఉంది. రెండు కుట్టు సూదులు తీసుకోండి. పట్టుకారుతో పట్టుకుని రెండింటినీ మంటలో ఎర్రగా కాల్చండి. ఒకదాన్ని మంట నుంచి మెల్లగా పైకి తీస్తూ నిదానంగా చల్లారనివ్వండి. రెండోదాన్ని వెంటనే చల్లటి నీళ్ళలో వేయండి. చల్లారాక వంచి చూస్తే మొదటిది తీగలా వంగుతుంది, రెండోది టప్పున విరుగుతుంది. ముక్క ఎగిరి కంట్లో పడకుండా గుడ్డ అడ్డంపెట్టి టీచరే చేయాలి, పిల్లల చేత చేయించవద్దు. రెండూ ఒకే పెట్టెలోని సూదులే, రెండింట్లో ఉన్న పదార్థమూ ఒకటే. మారింది లోపలి అమరిక.

ఉక్కు ఒకే ముద్దలా కనిపిస్తుంది కానీ, అది కంటికి ఆనని చిన్న చిన్న స్ఫటిక రేణువుల కూర్పు. బాగా కాలినప్పుడు కర్బనం ఇనుములో ఉప్పులా కరిగి కలిసిపోతుంది. మెల్లగా చల్లారితే ఆ కర్బనానికి బయటికి వచ్చే వ్యవధి ఉంటుంది. మెత్తని ఇనుము ఒక పొర, గట్టి కార్బైడు ఒక పొర చొప్పున దొంతరగా ఏర్పడుతుంది. అలాంటి ఉక్కు వంగుతుంది, సాగుతుంది. నీళ్ళలో ముంచితే కర్బనానికి ఆ వ్యవధి ఉండదు. ఉన్నచోటే చిక్కుకుని, చుట్టూ ఉన్న ఇనుప పరమాణువుల వరుసలను బిగదీస్తుంది. ఆ బిగువుకు మార్టెన్‌సైట్ అని పేరు. అది ఎంత గట్టిదో అంత పెళుసు. మళ్ళీ కొంచెం వేడిచేస్తే బిగువు సడలి, పదును నిలుస్తూనే పెళుసుదనం తగ్గుతుంది. మన పల్లెల్లో కొడవలి చేసే కమ్మరి చేసేదీ ఇదే.

ఈ అమరికను కంటితో చూడవచ్చని చూపినవాడు కూడా షెఫీల్డ్ మనిషే. హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1860లలో ఉక్కు ముక్కను అద్దంలా మెరుగుపెట్టి, దాని మీద పలచని ఆమ్లం తాకించి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఆమ్లం రేణువుల అంచులనూ పొరలనూ తలో రకంగా తింటుంది. దాంతో లోపలి బొమ్మ బయటపడుతుంది. చాలా ఏళ్ళు ఆ పనిని ఎవరూ పట్టించుకోలేదు. బ్రియర్లీ కాలానికి మాత్రం మంచి ఉక్కు ప్రయోగశాలలన్నింటిలోనూ అది రోజువారీ పని అయింది. ఈ ఆమ్లం సంగతి గుర్తుంచుకోండి, కథంతా దాని మీదే తిరుగుతుంది.

1902 నాటికి ఆయన ఫ్రెడ్ ఇబట్‌సన్‌తో కలిసి ఉక్కు కర్మాగారాల పదార్థాల విశ్లేషణ మీద పుస్తకం రాశాడు. 1904లో ఫర్త్ కంపెనీ తమ శాఖ ఉన్న రీగాకు పంపింది. అప్పుడది రష్యా సామ్రాజ్యంలోని రేవు పట్టణం. లాట్వియన్, జర్మన్, రష్యన్ మూడూ వినిపించే ఊరు. అక్కడ ఉక్కును ఎంత వేడికి కాల్చి ఎలా చల్లార్చాలి అన్న విద్యలో ఆయన చేయి తిరిగింది. 1907లో తిరిగి వచ్చాడు. మరుసటి ఏడాది ఫర్త్, జాన్ బ్రౌన్ అనే రెండు కంపెనీలు కలిసి షెఫీల్డ్‌లో ఒక పరిశోధనశాల పెట్టి, దాన్ని ఈయన చేతిలో పెట్టాయి. డిగ్రీ లేని మనిషికి ఆ కుర్చీ ఇచ్చారంటే ఆయన పనితనం మీద ఎంత నమ్మకం ఉండాలి! 1911లో పనిముట్ల ఉక్కును వేడితో ఎలా పదును చేయాలో వివరిస్తూ ఆయన మరో పుస్తకం వెలువరించాడు.

1912లో తుపాకులు తయారుచేసేవాళ్ళ నుంచి ఒక సమస్య వచ్చింది. కాల్చినప్పుడల్లా పుట్టే వేడి వాయువులకు రైఫిల్ గొట్టం లోపలి గోడ తొందరగా తినుకుపోతోంది. గొట్టం వదులైతే గురి తప్పుతుంది. క్రోమియం కలిపిన ఉక్కు వేడికి బాగా తట్టుకుంటుందని బ్రియర్లీకి తెలుసు. కర్బనం తక్కువ, క్రోమియం బాగా ఎక్కువ ఉన్న ఉక్కు చేసి చూద్దామన్నాడు. మూసలో చేసిన మొదటి ప్రయత్నం కుదరలేదు. తర్వాత విద్యుత్ కొలిమిలో కరిగించారు. 1913 ఆగస్టులో వచ్చిన పోతలో వందకు 12.8 పాళ్ళు క్రోమియం, 0.24 పాళ్ళు కర్బనం ఉన్నాయి. గొట్టాలు చేసి పంపారు. తుపాకులకు ఆ ఉక్కు పెద్దగా పనికిరాలేదు.

ఇక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది. పనికిరాని గొట్టాలను తుక్కు గుట్టలో పారేశారని, కొన్నాళ్ళకు అందులో ఒకటి మాత్రం మెరుస్తూ కనిపించిందని అంటారు. పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది కానీ, జరిగింది వేరు. దానికన్నా జరిగిందే బాగుంది కూడా. ఎప్పటిలాగే ఆయన ఆ కొత్త ఉక్కు ముక్కను మెరుగుపెట్టి, లోపలి అమరిక చూడటానికి ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం తాకించాడు. బొమ్మ సరిగా బయటపడలేదు. ఆమ్లం ఉక్కును తినడం లేదు. ఇంకొకరైతే ఆమ్లం పాతబడిందనుకుని కొత్త సీసా తెరిచేవారు. ఈయన అక్కడే ఆగాడు.

ఆగి చూసేసరికి మరో వింత కనిపించింది. ఒకే పోతలోని ముక్కలు ఆమ్లానికి ఒకే తీరున లొంగడం లేదు. బాగా కాల్చి, వేగంగా చల్లార్చి గట్టిపరచిన ముక్కను ఆమ్లం తాకలేకపోతోంది. నిదానంగా చల్లార్చి మెత్తబరచిన ముక్కను కొంత తింటోంది. అంటే కూర్పు ఒక్కటే చాలదు, అమరిక కూడా కుదరాలి. కారణం ఇది. క్రోమియం ఇనుములో కరిగి ఉంటేనే కాపలా కాస్తుంది. మెల్లగా చల్లారినప్పుడు అది కర్బనంతో జతకట్టి కార్బైడు రవ్వలుగా విడిపోతుంది. ఆ మేరకు ఇనుముకు కాపలా తగ్గుతుంది. సూది ప్రయోగంలో గట్టిదనాన్ని మార్చిన ఆ వేడీ చల్లదనమే ఇక్కడ తుప్పును కూడా నిర్ణయిస్తోంది. బ్రియర్లీ ఆ ముక్కల మీద వెనిగర్, నిమ్మరసం లాంటి వంటింటి పులుపులు ప్రయోగించాడు. మచ్చ పడలేదు. షెఫీల్డ్ కుర్రాడికి వెంటనే తట్టింది చాకులు.

అప్పటి ఇళ్ళలో భోజనపు చాకులను రోజూ పొడితో రుద్ది మెరుగుపెట్టడం ఒక చాకిరీ. పండు కోసినా, వెనిగర్ తగిలినా ఉక్కు నల్లబడేది. ఉన్నవాళ్ళు పండ్ల చాకులను వెండితో చేయించుకునేవారు. మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళూ పనిపిల్లలూ రుద్దుతూ ఉండేవారు.

ఇంత తేలికైన సంగతి అంతకుముందు ఎవరికీ ఎందుకు తట్టలేదు? తట్టినవాళ్ళు లేకపోలేదు. ఫ్రాన్సులో పియర్ బెర్తియే 1821లోనే క్రోమియం కలిపిన ఇనుము ఆమ్లాలకు తట్టుకుంటుందని గమనించాడు. అయితే అది మరీ పెళుసుగా వచ్చింది. షెఫీల్డ్‌లోనే పేరుమోసిన రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ 1892లో క్రోమియం ఉక్కులను పరీక్షించి, క్రోమియం వల్ల తుప్పును తట్టుకునే శక్తి తగ్గుతుందని తేల్చాడు. ఆయన సామాన్యుడు కాదు, మాంగనీసు ఉక్కును కనిపెట్టినవాడు. అయితే పరీక్షకు వాడింది గాఢమైన సల్ఫ్యూరిక్ ఆమ్లం. క్రోమియం ఉక్కు మీద గాలిలోని ఆక్సిజన్‌తో కంటికి కనపడనంత పలచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అదే దాని కవచం. గీత పడినా గాలి తగిలితే మళ్ళీ అల్లుకుంటుంది. నైట్రిక్ ఆమ్లం ఆ పొరను బలపరుస్తుంది. హ్యాడ్‌ఫీల్డ్ వాడిన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఆ పొర నిలవదు. ఒక పెద్దమనిషి ఎంచుకున్న సీసా ఇరవై ఏళ్ళు దారి మూసేసింది. ఇంకొకరి బల్ల మీద మామూలుగా ఉండే సీసా దాన్ని తెరిచింది. పరీక్ష ఎలా పెట్టామన్నదే జవాబును మార్చేస్తుందని సైన్సు టీచర్లు పిల్లలకు చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

బ్రియర్లీ తన యజమానులకు చెప్పాడు. వాళ్ళు ఆసక్తి చూపలేదు. చాకులు చేసేవాళ్ళకు నమూనాలు ఇచ్చాడు. వాళ్ళు చేసి చూసి తిప్పికొట్టారు. సాగగొట్టబోతే పనిముట్లు అరిగిపోయాయి, పదును పెట్టబోతే నిలవలేదు. కోయని చాకులు చేసే మనిషి అని ఊళ్ళో ఆయన మీద వెక్కిరింత పుట్టింది.

తప్పు ఉక్కుది కాదు, చేతులదీ కాదు. అలవాటుది. తరతరాలుగా చాకుల పనివాడు ఉక్కును ముదురు ఎరుపు వచ్చేదాకా కాల్చి ముంచేవాడు. ఆ ఎరుపు సుమారు 770 డిగ్రీల వేడి. మామూలు ఉక్కుకు అది సరైన లెక్క. అంతకు మించి కాల్చితే రేణువులు ముతకబడి ఉక్కు పాడవుతుందని ప్రతి పనివాడికీ తెలుసు, తెలిసినది నిజమే. కొత్త ఉక్కులో క్రోమియం కార్బైడులు అంత తేలికగా కరగవు. నారింజ రంగు వచ్చేదాకా, 950 డిగ్రీలు దాటేదాకా కాల్చాలి. అంతకన్నా తక్కువలో ముంచితే గట్టిపడదు, పదును రాదు, మచ్చకూ తట్టుకోదు. దీనికి తోడు, సాగగొట్టాక ఊరికే గాలిలో వదిలేసినా అది గట్టిపడిపోతుంది. దాన్ని మళ్ళీ మెత్తబరచకుండా ఆకురాయి పెడితే ఆకురాయే అరుగుతుంది. నిపుణుడైన పనివాడికి తన నైపుణ్యమే ఇక్కడ అడ్డం వచ్చింది.

1914లో ఆర్. ఎఫ్. మోస్లీ అనే చాకుల సంస్థలో మేనేజరుగా ఉన్న ఎర్నెస్ట్ స్టూవర్ట్ చేతికి ఈ ఉక్కు వెళ్ళింది. ఆయన దాన్ని వెనిగర్‌లో పెట్టి చూసి నమ్మాడు. బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు అనే అర్థం వచ్చే పేరు అనుకుంటూ ఉంటే, చాకులు అమ్మే మనిషి కాబట్టి స్టూవర్ట్ మచ్చ పడనిది అనే అర్థంలో స్టెయిన్‌లెస్ అన్నాడు. కొనేవాళ్ళు చూసేది మచ్చనే కదా. మొదటి ప్రయత్నాలు ఇక్కడా చెడ్డాయి. అప్పుడు బ్రియర్లీ స్వయంగా కొలిమి దగ్గర నిలబడి ఏ రంగు వచ్చేదాకా కాల్చాలో చూపించాడు. చాకులు నిలిచాయి. ప్రయోగశాల కాగితాల మీది డిగ్రీల అంకెను కొలిమి దగ్గరి మనిషికి రంగుగా మార్చి చెప్పగలగడం నా లెక్కలో ఈ కథకు ఆయువుపట్టు. ఉక్కు కరిగించేవాడి కొడుక్కి ఆ రెండు భాషలూ వచ్చు.

అప్పుడు మొదలైంది అసలు తగాదా. ఉక్కు అమ్ముడుపోతుందని తెలిశాక ఫర్త్ కంపెనీ దాన్ని తమ సరుకుగా ప్రచారం చేసుకుంది. పరిశోధనశాల మాది, జీతం మాది, కాబట్టి కనిపెట్టింది కూడా మాదే అన్నది వాళ్ళ ధోరణి. తుపాకీ గొట్టాల పనిలో చాకుల మాటే లేదు, అది తన ఆలోచన, వద్దన్నా తిరిగి చూపించింది తాను అన్నది బ్రియర్లీ వాదన. ఒప్పందంలో తనకూ హక్కుందని ఆయన నమ్మకం. డబ్బుతోపాటు పేరు పోవడం ఆయనకు బాధ కలిగించింది. కంపెనీ దిగిరాలేదు. ఆయన రాజీనామా చేసి 1915లో బ్రౌన్ బేలీ అనే మరో ఉక్కు సంస్థలో చేరాడు. చేతిలో ఉన్న పెద్ద పదవి వదులుకుని, నలభై నాలుగేళ్ళ వయసులో వేసిన అడుగు అది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ముదిరి, ఈ ఉక్కు చాకులకు దొరకకుండా పోయింది. విమాన ఇంజన్ల వాల్వులకు మళ్ళించారు.

బ్రిటన్‌లో పేటెంటు తీసుకోలేదు. జాన్ మ్యాడక్స్ అనే పెద్దాయన తోడ్పాటుతో బ్రియర్లీ అమెరికాలో దరఖాస్తు చేసి 1916లో పేటెంటు పొందాడు. అక్కడ ఎల్వుడ్ హేన్స్ అనే ఆయన తన ప్రయోగాలతో ఇలాంటి ఉక్కుకే హక్కు కోరుతున్నాడు. చివరికి అక్కడి ప్రయోజనాలు ఒకే కంపెనీ కిందకు చేరాయి. 1917లో ఇంగ్లండులోనూ రాజీ కుదిరి ఫర్త్, బ్రియర్లీ పేర్లు రెండూ కలిపి ఒక సంస్థ ఏర్పడింది. జర్మనీలో క్రుప్ కంపెనీకి చెందిన స్ట్రాస్, మౌరర్ అనే ఇద్దరు 1912లోనే నికెల్ కూడా కలిపిన మరో రకం తుప్పు పట్టని ఉక్కు సాధించారు. కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలును కనిపెట్టినవాడు ఎవరు అని పరీక్షలో ఒక మార్కు ప్రశ్న ఇచ్చి ఒక్క పేరు రాయమనడం నాకు నచ్చదు. చాకు దాకా, అంటే మనుషుల చేతి దాకా తెచ్చినవాడు ఎవరు అని అడిగితే బ్రియర్లీ పేరు నిస్సందేహంగా రాయవచ్చు.

1920లో ఇంగ్లండులోని ఇనుము ఉక్కు సంస్థ ఆయనకు బెస్సెమర్ స్వర్ణ పతకం ఇచ్చింది. వయసు మీదపడ్డాక 1933లో ఉక్కు తయారీదారుల మీద ఒక పుస్తకం, 1941లో ఆత్మకథ రాశాడు. వాటిలో ఆయన తిరిగి వెళ్ళింది మూసల దగ్గరికే. దిమ్మెను విరగ్గొట్టి చూసే కళ్ళను, మట్టి తొక్కే కాళ్ళను, ధార వణకకుండా పోసే చేతులను వివరంగా వర్ణించాడు. కొలత పరికరాలు వచ్చాక ఆ పనివాళ్ళ తీర్పును అంకెల కింద తొక్కేయడం ఆయనకు నచ్చలేదు. తాను ప్రయోగశాల మనిషై ఉండి, రసాయనవేత్తల అతిశయాన్ని ఎత్తిపొడిచాడు. ఆ కోపంలో కొంత అతి ఉందనిపిస్తుంది. అంకెలు రాకపోతే 950 డిగ్రీల సంగతి ఆయనకే తెలిసేది కాదు. అయినా, పనివాళ్ళు పేర్లు లేకుండా మాయమైపోతున్నప్పుడు వాళ్ళ పని తీరును కాగితం మీద పెట్టినవాడు ఆయనే.

మన వంటింటి గిన్నె ఆయన చేసిన ఉక్కు కాదు, దాని తమ్ముడు. ఆయన వదిలివచ్చిన పరిశోధనశాలలో తర్వాత కూర్చున్న విలియం హ్యాట్‌ఫీల్డ్ 1924లో 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ కలిపిన ఉక్కు తెచ్చాడు. నికెల్ వల్ల స్ఫటికాల అమరిక మారి అది రేకుగా, గిన్నెగా సుళువుగా సాగుతుంది. చాకంత గట్టిపడదు. తమిళనాడులోని సేలం ఉక్కు కర్మాగారం స్టెయిన్‌లెస్ రేకులకే పేరుపడింది. బడికి ఒక అయస్కాంతం పట్టుకెళ్ళి చూపించండి. స్టీలు చాకుకు టక్కున అంటుకుంటుంది. మంచి రకం స్టీలు పళ్ళేనికి చాలావరకు అంటుకోదు. పళ్ళెం అంచు దగ్గర, బాగా ఒత్తి వంచిన చోట, కొద్దిగా లాగినట్టు అనిపించవచ్చు. ఒత్తిడికి అక్కడి అమరిక కొంత మార్టెన్‌సైట్‌గా మారి ఉంటుంది. కొన్ని చవక పళ్ళేలకు ఒళ్ళంతా అంటుకుంటుంది, వాటిలో నికెల్ లేదన్నమాట. ఎవరి ఇంటి పళ్ళెం ఏ జాతిదో పిల్లలే తేల్చుకుంటారు.

ఆత్మకథ వచ్చిన 1941లోనే బ్రియర్లీ షెఫీల్డ్ ప్రాంతపు మనుషుల చదువుకూ, సంగీతానికీ, ప్రయాణాలకూ సాయపడటానికి ఫ్రెష్‌గేట్ పేరుతో ఒక ట్రస్టు పెట్టాడు. చివరి ఏళ్ళు ఇంగ్లండు దక్షిణ తీరంలోని టార్కీలో గడిపి, 1948 జులై 14న అక్కడే చనిపోయాడు. స్టూవర్ట్ మొదటి చాకులు చేయించిన మోస్లీ వారి పోర్ట్‌లాండ్ వర్క్స్ భవనం షెఫీల్డ్‌లో ఇంకా ఉంది. కొన్నేళ్ళ కిందట ఊరివాళ్ళు చందాలు వేసుకుని దాన్ని కొన్నారు. చాకులూ పనిముట్లూ చేసే చిన్న పనివాళ్ళు ఇప్పటికీ అందులో గదులు అద్దెకు తీసుకుని పని చేసుకుంటున్నారు.